మహేందర్ వంతు

ప్రతి టీమూ నెలాఖరులోగా ఒక పూట కలిసి ఏదైనా సరదాగా గడపాలని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తే దేవిశ్రీ దాన్ని మూడు వారాలు పక్కన పెట్టింది. నాలుగో వారం గుర్తు చేస్తూ ఇంకో మెయిల్ వచ్చింది. అప్పటికి బౌలింగ్, గోకార్టింగ్ తేదీలన్నీ మిగతా టీములు తీసేసుకున్నాయి. జాబితాలో మిగిలింది ఒక్కటే. 'కథ ఆట. ఎప్పుడూ ఆడనివాళ్ల కోసం. మేమే మీ ఆఫీసుకు వస్తాం' అని ఉంది. ఎక్కడికీ కదలక్కర్లేదన్న మాట చూసి ఆమె దాని మీద నొక్కింది.

దేవిశ్రీది తణుకు. పదమూడేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం, భర్తతో, కొడుకుతో తెల్లాపూర్‌లో కాపురం. కోకాపేటలోని ఒక అద్దాల టవర్లో, తొమ్మిదో అంతస్తులో ఆమె టీమ్ కూర్చుంటుంది. ఆసుపత్రుల్లో డాక్టర్ల అపాయింట్‌మెంట్లు చూసే యాప్ వాళ్లది. మొత్తం నలుగురు. బెజవాడ శ్యామ్ మీటింగుల్లో క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు మాట్లాడతాడు. కరీంనగర్ రజిత తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే ముఖం మీదే చెప్తుంది. నాలుగోవాడు మహేందర్. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. మిగతా ముగ్గురూ రాసినదాంట్లో తప్పులు వెతికి పట్టుకోవడం అతని పని. ఆ పనిలో అతన్ని మించినవాళ్లు ఆ అంతస్తులో లేరు.

మహేందర్‌కు నత్తి. మాట మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. కళ్లు మూసుకుంటాడు, దవడ బిగుసుకుంటుంది, మెడ నరాలు తేలతాయి. అందుకని వీలైనంతవరకు అన్నీ చాట్‌లో రాసేవాడు. తప్పనిసరిగా మాట్లాడాల్సి వస్తే మాత్రం దేవిశ్రీ సాయానికి వచ్చేది. అతను మొదలుపెట్టిన మాటను తను అందుకుని పూర్తి చేసేది. "అంతే కదా మహేందర్?" అనేది. అతను తలూపేవాడు. నాలుగేళ్ల కిందట అతను చేరిన కొత్తలో పక్క టీమ్ కుర్రాడు అతన్ని అనుకరిస్తే ఆమె ఆ కుర్రాణ్ణి గదిలోకి పిలిచి గట్టిగా మందలించింది. మహేందర్ అంత కష్టపడుతుంటే చూడలేకపోయేది. తను చేస్తున్నది మంచిపనేనని ఆమెకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆట ఆడించే మనిషి వచ్చింది. పేరు కిరణ్మయి, ముప్ఫై లోపు ఉంటుంది. ఉండేది మణికొండలో. తనూ ఇలాంటి ఆఫీసులోనే ఐదేళ్లు పనిచేసి మానేసి, ఇప్పుడు కొత్తవాళ్లకు ఈ ఆటలు నేర్పుతోంది. దేవిశ్రీ ఆమెను తీసుకురావడానికి కిందికి వెళ్లేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ పెంటయ్య ఆమె సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీసి ఊపి చూస్తున్నాడు.

"ఇవేంది మ్యాడమ్, గవ్వలా?"

"పాచికలన్నా. ఆఫీసోళ్లతోటి ఆడిపిస్త."

"డ్యూటీల ఆటలా," అని నవ్వి డబ్బా ఇచ్చేశాడు పెంటయ్య.

లిఫ్టు దిగి మీటింగ్ గదికి నడుస్తుంటే దేవిశ్రీ గొంతు తగ్గించి అడిగింది. "ఇందులో బాగా మాట్లాడాలా అండి?"

"మాటలే ఎక్కువ మ్యాడమ్. నేను మీకు కనిపించేది చెప్త. మీ మనిషి ఏం చేస్తడో మీరు చెప్తరు."

"మా టీమ్‌లో మహేందర్ అని ఒకబ్బాయి ఉన్నాడు. కొంచెం నత్తి. అతనికి ఎక్కువ మాటలు లేని పాత్ర ఏదైనా ఇవ్వండి. విలుకాడో, ఇంకెవరో. ఇబ్బంది పడతాడు."

కిరణ్మయి నడక ఆపకుండానే ఆమె వైపు చూసింది. "ఏది కావాల్నో ఆయన్నే అడుగుదాం మ్యాడమ్," అంది.

బల్ల మీద ఆమె ఒక గోధుమరంగు కాగితం పరిచింది. దాని మీద పెన్సిలుతో గీసిన గుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లు, కింద ఎండిపోయిన చెరువు, ఒక కోట.

"వైకుంఠపాళి లాంటిదా అండి?" అన్నాడు శ్యామ్.

"కాదండి, ఇందుల గళ్లు లేవు. గెల్చేటోళ్లు, ఓడేటోళ్లు లేరు. మీ నలుగురూ ఒకే జట్టు. ఈ నీలగుట్ట ఊరి చెరువుకు మూడేండ్ల సంది నీళ్లు వస్తలేవు. గుట్ట మీద కాలువ ఎక్కడనో ఆగింది. మీరు పోయి చూసి రావాలె. ఏం చేసినా సరే, నాకు చెప్పున్రి. అయితదో కాదో అనుమానం ఉన్నకాడ ఈ పాచిక వేస్తరు." ఇరవై ముఖాలున్న పాచికను బల్ల మీద దొర్లించింది. "పెద్ద అంకె పడితే పని అయితది. చిన్నది పడితే ఇంకేదో అయితది. ఒక్కటే నియమం. ఎవరి వంతుల వాళ్లే మాట్లాడాలె."

బొమ్మలు గీసిన నాలుగు అట్టలు ముందు పెట్టింది. కత్తి పట్టిన వీరనారి, మంత్రగాడు, దొంగ, రాయబారి. రాయబారికి ఆయుధం లేదు. మాటే ఆయుధం అని కింద రాసి ఉంది.

శ్యామ్ మంత్రగాడి అట్ట లాక్కున్నాడు. రజిత మాట్లాడకుండా దొంగను తీసుకుంది. మిగిలిన రెండింటిలో ఏది తీసుకోవాలా అని దేవిశ్రీ చూస్తుండగానే మహేందర్ చెయ్యి చాచి రాయబారిని తన ముందుకు జరుపుకున్నాడు.

దేవిశ్రీ వీరనారి అట్టను అతని వైపు తోసింది. "మహేందర్, కావాలంటే ఈ కత్తి నువ్వు తీసుకో," అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆట మొదలైంది. శ్యామ్ మంత్రగాడు చీకటి సొరంగంలో దీపం వెలిగించబోతే పాచిక మీద ఒకటి పడింది. దీపం వెలగలేదు, సొంత గడ్డం అంటుకుంది. రజిత దొంగ తన నీళ్ల తిత్తితో ఆ గడ్డం ఆర్పి, తుప్పుపట్టిన తాళం ఒకటి తీసింది. దేవిశ్రీ మొదట సిగ్గుపడింది. "నేను... అంటే, ఆమె... ముందుకు నడుస్తుంది," అంది. "ఎట్ల నడుస్తది?" అని కిరణ్మయి అడిగితే ఏం చెప్పాలో తెలియక, "ఆఫీసుకు లేటైనట్టు," అంది. రజిత పకపకా నవ్వింది. నాలుగేళ్లలో రజిత అలా నవ్వడం దేవిశ్రీ చూడలేదు.

గంటన్నర గడిచేసరికి వాళ్లు గుట్ట పైకి చేరారు. అక్కడ కాలువకు అడ్డంగా ఒక రాతి తలుపు. తలుపుకు ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని, ఇంత పెద్ద రాతిమనిషి కూర్చుని ఉన్నాడు. కిరణ్మయి గొంతు మార్చి, బరువుగా, నెమ్మదిగా అడిగింది. "ఎవరు మీరు? ఎందుకొచ్చారు?" తరవాత తన గొంతుతో, "ఇప్పుడు రాయబారి వంతు," అంది.

మహేందర్ ముందుకు వంగాడు. "మే..." అన్నాడు. ఆగిపోయింది. కళ్లు మూసుకున్నాడు. "మే... మే..."

"మేం నీళ్ల కోసం వచ్చాం, తలుపు తియ్యమని చెప్తాడండి," అంది దేవిశ్రీ. ఆలోచించి అన్నది కాదు. నాలుగేళ్ల అలవాటు.

కిరణ్మయి ముఖంలో కోపం లేదు. "మీ వంతు తర్వాత వస్తది మ్యాడమ్. రాతిమనిషి రాయబారి మాట వింటున్నడు," అంది. రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని, రాతిమనిషిలాగే కదలకుండా మహేందర్ వైపు చూస్తూ కూర్చుంది. ఆమెకు ఎక్కడికీ పోవాల్సిన తొందర ఉన్నట్టు లేదు.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. శ్యామ్ ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. దేవిశ్రీ బల్ల కింద తన వేళ్లు తనే గట్టిగా పట్టుకుంది. ఆ కాస్త సేపు ఎంత పొడుగ్గా ఉందో ఆమెకు మొదటిసారి తెలిసింది. ఇంతకుముందు ఎన్నడూ ఆమె దాన్ని అంతదాకా పోనివ్వలేదు.

"మేము నీళ్ల కోసం రా... రా... రాలేదు," అన్నాడు మహేందర్. మళ్లీ ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు ఎ... ఎన్నేండ్ల సంది గిట్ల కూసున్నవో అ... అడగనీకి వచ్చినం."

కిరణ్మయి గడ్డం కింది చేతులు తీసింది. "ఆ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు," అన్నాడు రాతిమనిషి, ఆమె గొంతులోంచి.

మహేందర్ పాచిక వేశాడు. ఆరు పడింది.

"ఆరుకు తలుపు తెరుచుకోదు," అంది కిరణ్మయి. "ఆయనకు ఇంకా నమ్మకం కుదరలే. కానీ మిమ్మల్ని పొమ్మని కూడా అంటలేడు. మిగిలినోళ్లు రాయబారికి సాయం చేస్తే మళ్లా వేయొచ్చు."

రజిత దొంగ తన తిత్తిలో మిగిలిన నీళ్లు రాతిమనిషి ముందు పెట్టింది. శ్యామ్ మంత్రగాడు కాలిన గడ్డంతోనే గుప్పెడు వెలుగు చేసి చలికి కాచుకోమని ఇచ్చాడు. దేవిశ్రీ వంతు వచ్చింది. ఆమె తన అట్ట మీది కత్తి బొమ్మను కాసేపు చూసింది.

"నేను కత్తి కింద పెట్టి కూర్చుంటాను," అంది.

"కూర్చొని ఏం చేస్తరు?"

"ఏమీ లేదు. ఇతను మాట్లాడేదాకా కూర్చుంటాను."

కిరణ్మయి తలూపింది. "మీలో పెద్ద ఎవరు?" అని రాతిమనిషి రాయబారిని అడిగాడు.

మహేందర్ దేవిశ్రీని చూపించాడు. "ఈ అ... అక్కనే పెద్ద. మంచిదే. కానీ ఆ... ఆకలైతే ఎవ్వరి మాటా వినది."

శ్యామ్ కుర్చీలోంచి పడబోయాడు. రజిత కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే దేవిశ్రీతో మాట్లాడకూడదని ఆ అంతస్తులో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ ఆమె ముందు అనలేదు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే మహేందర్‌ను కొత్తగా చూసింది. ఇంత హాస్యం ఇతనిలో ఉందని తనకు తెలియదు. ఇన్నాళ్లూ అది ఎక్కడ దాక్కుందో ఆలోచిస్తే ఆమె నవ్వు కాస్త తగ్గింది.

రాతిమనిషితో ఆ సంభాషణ ముప్పావుగంట నడిచింది. అతను ఒకప్పుడు ఆ కాలువ తవ్వినవాడట. నీళ్లు పారాక అందరూ అతన్ని మరిచిపోయి వెళ్లిపోయారట. ఇదంతా మహేందర్ ఒక్కొక్క ప్రశ్నగా అడిగి రాబట్టాడు. కొన్ని ప్రశ్నలు తొందరగా వచ్చాయి, కొన్నింటికి చాలాసేపు పట్టింది. నత్తి ఎక్కడికీ పోలేదు. గదిలోని మిగతావాళ్లకు మాత్రం అది మెల్లగా, గోడ గడియారం చప్పుడులా, లెక్కలోకి రాకుండా పోయింది. చివరికి రెండోసారి పాచిక వేస్తే పద్నాలుగు పడింది. రాతిమనిషి లేచి పక్కకు జరిగాడు. కాగితం మీది చెరువులో కిరణ్మయి నీలిరంగు పెన్సిలుతో నీళ్లు నింపింది. గడియారం చూస్తే ఐదు దాటింది.

అందరూ వెళ్లాక దేవిశ్రీ కాఫీ మిషన్ దగ్గర మహేందర్‌ను పట్టుకుంది. కిటికీ కింద ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉన్నాయి.

"మహేందర్, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు," అంది. "ఇన్నాళ్లూ నీ మాటలు నేను పూర్తి చేస్తున్నాను కదా. ఎన్నిసార్లు తప్పు చెప్పి ఉంటాను?"

అతను కప్పులోకి చూశాడు. ఆమె ఆగింది.

"స... సగం సార్లు కరెక్టే మ్యాడమ్."

"మిగతా సగం?"

"మీరు చెప్పింది ఒ... ఒప్పుకుంటే జల్ది అయిపోతది కదా అని ఒప్పుకున్న."

దేవిశ్రీకి ఏదో గుర్తొచ్చింది. "మార్చిలో రిలీజ్ ముందు రోజు కూడానా?"

యాప్ కొత్త రూపం మర్నాడు విడుదల కావాలి కాబట్టి ఆ రోజు అందరూ హడావుడిగా ఉన్నారు. పని అంతా అయిందా అని ఆమె ఒక్కొక్కరినీ అడిగింది. మహేందర్ "రి... రిలీజ్..." అన్నాడు. "రిలీజ్‌కి రెడీ, అంతే కదా?" అంది ఆమె. అతను తలూపాడు. మర్నాడు యాప్‌లో రోగులకు డాక్టర్ల సమయాలు తప్పుగా కనపడ్డాయి. శనివారం, ఆదివారం నలుగురూ కదలకుండా కూర్చుని సరిచేశారు. పైవాళ్లు అడిగితే తప్పు తనదేనని దేవిశ్రీ చెప్పింది. మహేందర్ ఒక లోపం గమనించలేకపోయాడని మాత్రం మనసులో అనుకుంది. పైకి అనలేదు గానీ అనుకుంది.

"రిలీజ్ ఆ... ఆపుదామని చెప్పబోయిన మ్యాడమ్," అన్నాడు మహేందర్. "తర్వాత మెయిల్ రాసిన. రాసి పం... పంపలేదు. మీరు అందరి ముంగట రెడీ అని చెప్పినంక, కాదంటే మీకు తక్కువైతదని."

దేవిశ్రీ కాఫీ కప్పు పక్కన పెట్టింది. ఆ క్షణంలో ఆమెకు కూడా మాట రాలేదు. మహేందర్ ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు, తొందరపెట్టలేదు.

"సారీ మహేందర్," అంది చివరికి. "నేను సాయం చేస్తున్నాననే అనుకున్నాను."

"తె... తెలుసు మ్యాడమ్. అందుకే చెప్పలే."

"ఇకమీద నేను ఆగుతాను. అలవాటు కదా, మధ్యలో నోరు జారుతుందేమో. జారితే చెప్పు. కాదు అను. అందరి ముందూ అను, నాకేం తక్కువ కాదు."

సోమవారం పొద్దున పది నిమిషాల మీటింగ్ పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మహేందర్ ఆరు వాక్యాలు మాట్లాడాడు. బుధవారం ఆమె నిజంగానే నోరు జారింది. "ఈ టె... టె..." అని అతను అంటుండగానే "టెస్టింగ్ అయిపోయింది," అనేసింది. మహేందర్ కళ్లు తెరిచి, "కా... కాదు మ్యాడమ్," అన్నాడు. నాలుగేళ్లలో అతను ఆమెకు నోటితో కాదని చెప్పడం అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి, కానీ చెప్పాడు. "టె... టెస్టింగుకు ఇంకొక రోజు కావాలె." ఆమె ఒక రోజు ఇచ్చింది. శ్యామ్‌కు మాత్రం ఆగడం రావడానికి నెల పట్టింది. అతను నోరు తెరిచినప్పుడల్లా రజిత బల్ల మీద వేలితో ఒకసారి తట్టేది.

ఆగస్టులో మహేందర్ సెలవు పెట్టాడు. భార్య అఖిలకు నెలలు నిండాయి. కాన్పుకు నర్సంపేటలోని పుట్టింటికి వెళ్లింది. ఎలా ఉందో మెసేజ్ పెట్టమని దేవిశ్రీ చెప్పి పంపింది. మెసేజ్ పెట్టమనే అంది. మహేందర్ ఎవరికీ ఫోన్ చేయడు. ఎదురుగా మనిషి ముఖం కనపడని చోట అతనికి మాట ఇంకా కష్టం. ఆఫీసులో అతని నంబరు నుంచి కాల్ అందుకున్నవాళ్లు లేరు.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆమె తెల్లాపూర్‌లో, తమ అపార్ట్‌మెంట్ల గేటు బయట చంద్రమ్మ తోపుడుబండి దగ్గర బీరకాయలు ఏరుతోంది. ఫోన్ మోగింది. తెర మీద మహేందర్ పేరు చూసి ఆమెకు భయం వేసింది. చేతిలో ఉన్న బీరకాయతోనే ఫోన్ చెవికి ఆనించుకుంది.

"మహేందర్, చెప్పు," అంది.

అవతల ఏమీ వినపడలేదు. ఊపిరి చప్పుడు, వెనక ఎక్కడో దవాఖానలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న గొంతు. హలో, హలో అనడానికి నోరు తెరిచి ఆమె మూసుకుంది. ఒక పక్కకు జరిగి గేటు పక్క పిట్టగోడ మీద కూర్చుంది.

"బా..." అన్నాడు మహేందర్.

బాబు, అనుకుంది దేవిశ్రీ. మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. బాబు పుట్టాడా అని అడిగేస్తే అయిపోతుంది. ఆమె పెదవులు గట్టిగా బిగించి పట్టుకుంది.

"బా... బా..."

చంద్రమ్మ తూకం పట్టుకుని నిలబడి, "అమ్మా, కిలోనా అరకిలోనా?" అని కేకేసింది. దేవిశ్రీ చెయ్యి చూపించి ఆగమంది.

"బాగనే ఉన్నది మ్యాడమ్, అ... అఖిల," అన్నాడు మహేందర్. "పాప పుట్టింది. తె... తెల్లారి ఆరింటికి."

దేవిశ్రీ కళ్లు నిండాయి. నవ్వు కూడా వచ్చింది.

"మె... మెసేజ్ పెడదామనుకున్న," అన్నాడు. "కానీ ఇది నోటితోటి చెప్పాలె అనిపించింది. ఫ... ఫస్ట్ మీకే చేసిన. మా నాయినకు ఇంకా చెయ్యలే."

"ముందు మీ నాన్నగారికి చెయ్యి, వెళ్లు," అంది దేవిశ్రీ.

"చేస్త. ఒక్క ని... నిమిషం మ్యాడమ్. పాప ఎట్లున్నదో చెప్పి పెట్టేస్త."

"చెప్పు," అంది ఆమె, ఫోన్ రెండో చెవికి మార్చుకుని. "నిదానంగా చెప్పు. నాకేం పని లేదు."